మచ్చు 38 గ్రాములు, గుంట 7 గ్రాములు: టాంజానియా బంగారంలో గుంటూరు డబ్బు పెట్టాలా వద్దా అని చూసిన కేసు

నాకు రోజూ తిండి పెట్టేది బంగారం కాదు, కంకర. ప్రకాశం జిల్లా గ్రానైట్, పల్నాడు సున్నపురాయి క్వారీలకు మైనింగ్ ప్లాన్లు రాసిస్తుంటాను. విజయవాడ గవర్నర్‌పేటలో మేడ మీద చిన్న ఆఫీసు. కానీ కొత్తగూడెంలో చదువు అయ్యాక పదకొండేళ్ళు కర్ణాటకలో భూగర్భ బంగారు గనిలో పనిచేశాను, ఆ సంగతి ఎలాగో ఊళ్ళో తెలిసిపోయింది, దాంతో ఎవరి చెవిన ఆఫ్రికా బంగారం మాట పడ్డా నా ఫోన్ మోగుతుంది. వాటిలో పదింట తొమ్మిది వాట్సాప్‌లో వచ్చిన మోసాలే. గ్రామస్తుల దగ్గర యాభై కిలోల కడ్డీలు ఉన్నాయి, మార్కెట్ ధరకి ఇరవై శాతం తక్కువకి ఇస్తారు, ముందు ఏదో పన్ను కట్టాలి అంటారు. బంగారాన్ని ఇరవై శాతం తక్కువకి అమ్ముకునే అమాయకుడు భూమ్మీద ఎక్కడా లేడండీ, అడవిలో ఉన్నవాడికి కూడా చేతిలో ఫోనుంది, అందులో ప్రపంచమంతా చూసుకునే లండన్ ధర ఉంటుంది.

ఈ కేసు ఆ పదోది. నిజంగా గుంట ఉంది, లైసెన్సు ఉంది, రాయిలో బంగారం కూడా ఉంది. అందుకే రాస్తున్నాను. మోసం కానిదాంట్లో కూడా లెక్క ఎలా తప్పుతుందో, తప్పిన ఆ డబ్బు ఎవరి ఇంట్లో ఎసరు మరిగిస్తోందో నాకు ఇక్కడే బాగా అర్థమైంది.

వచ్చింది ఇద్దరు. ఒకాయన గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి, అరవై దాటాయి, మాట తక్కువ. రెండో ఆయనది విజయవాడ వన్ టౌన్‌లో బంగారం కొట్టు, మూడు తరాలది. మిర్చి ఆయన మేనల్లుడు టాంజానియాలోని దారెస్సలాంలో మందుల వ్యాపారంలో ఉన్నాడు, అతనికి ఆ దేశంలోనే బంగారం దొరికే గైటా ప్రాంతంలో ఒక లైసెన్సుదారుతో పరిచయం. ప్రతిపాదన ఏంటంటే, వీళ్ళు 1,50,000 డాలర్లు, అంటే 2023 మధ్యలో మన డబ్బులో దాదాపు కోటీ పాతిక లక్షలు పెట్టి కంప్రెసర్, డ్రిల్లు, మోటారు గిలక, నీళ్ళు తోడే పంపులు దింపాలి, ఉత్పత్తిలో 40 శాతం తీసుకోవాలి. పంపిన కాగితంలో లెక్క రెండు లైన్లే ఉంది: టన్ను రాయిలో 38 గ్రాములు, రోజుకి పది టన్నులు. గుణిస్తే 380 గ్రాములు, అప్పటి ధర గ్రాము 62 డాలర్లు, రోజుకి పంతొమ్మిది లక్షల రూపాయలు. బంగారం కొట్టు ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని తిరుగుతున్నాడు, లామినేషన్ ఒక్కటే తక్కువ.

దాంతోపాటు ఒక రాయి కూడా తెచ్చారు. పలుగురాయి, గుప్పెడంత, తెల్లటి దాంట్లో పసుపు తీగ కంటికి కనిపిస్తోంది. కొట్టు ఆయన గీటురాయి మీద గీసి చూసుకున్నాడట. "బంగారమేనండీ, నేను గ్యారంటీ" అన్నాడు. బంగారమే, కాదనటం లేదు. మిర్చి ఆయన మాత్రం రాయిని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టి, "ఇది మచ్చు. టిక్కీ ఏదీ?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు సగం పని తగ్గింది. యార్డులో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, టిక్కీ అంటే మిర్చి బస్తా, పైన తేజ రకం కాయలు నిగనిగలాడుతుంటాయి, మూతి విప్పి గుమ్మరిస్తే గానీ అడుగున తాలు ఎంతుందో తెలీదు. బంగారం గనిలో అయితే ఈ జబ్బు వంద రెట్లు ఎక్కువ, ఎందుకంటే బంగారం రాయిలో సమానంగా పరుచుకుని ఉండదు, ముద్దలు ముద్దలుగా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. ఒక అడుగులో టన్నుకి 40 గ్రాములు పలికిన సిర (బంగారం నడిచే పలుగురాయి చార) మూడడుగులు జరిగితే అర గ్రాము కూడా ఇవ్వకపోవచ్చు. అమ్మేవాడు మోసం చేయాలని కూడా అనుకోనక్కర్లేదు, మెరిసే రాయిని ఏరి చూపించటం మనిషి సహజం.

వెళ్ళక ముందే చట్టం సంగతి చెప్పాను. టాంజానియాలో ప్రైమరీ మైనింగ్ లైసెన్సు అంటే పది హెక్టార్ల లోపు, ఏడేళ్ళకి ఇస్తారు, అది ఆ దేశ పౌరులకి మాత్రమే. బయటివాళ్ళు సాంకేతిక సాయం పేరుతో ఒప్పందం చేసుకోవచ్చు, దాన్ని కూడా అక్కడి మైనింగ్ కమిషన్ ఆమోదించాలి. అంటే మీరు యజమానులు కారు, కౌలుదారులు కూడా కారు, పెట్టుబడి పెట్టిన చుట్టం లాంటివాళ్ళు. ఇక కొట్టు ఆయన మనసులో ఉన్న అసలు కోరిక ఆ శుద్ధి చేయని బంగారాన్ని నేరుగా వన్ టౌన్‌కి తెచ్చుకోవాలని. అది కుదరదు. మన దేశంలోకి ముడి కడ్డీలు దిగుమతి చేసుకోవటానికి లైసెన్సున్న రిఫైనరీలకే వీలు, కొట్టు పెట్టుకున్నవాళ్ళకి లేదు. అక్కడే అమ్మాలి, పన్ను కట్టాలి, డబ్బు బ్యాంకు ద్వారా తెచ్చుకోవాలి. ఆయన ముఖం కాస్త వాడిపోయింది గానీ, సరే వెళ్ళి చూసి రండి అన్నారు.

2023 జూన్‌లో వెళ్ళాను. ముంబై మీదుగా దారెస్సలాం, అక్కడి నుంచి విక్టోరియా సరస్సు ఒడ్డున మ్వాంజా, తర్వాత బల్లకట్టు మీద సరస్సు పాయ దాటి గైటా వైపు (2025లో అక్కడ మూడు కిలోమీటర్ల పైచిలుకు వంతెన తెరిచారు, ఇప్పుడైతే ఆ రెండు గంటల పడిగాపులు ఉండవు). దారి పొడుగునా పత్తి చేలు, కర్రపెండలం. ఎర్రమట్టి, మధ్యలో నల్లరాతి గుట్టలు. మన కోలారు, హట్టి, అనంతపురం రామగిరి, కర్నూలు జొన్నగిరి, ఇవన్నీ ఏ రకం పాత ఆకుపచ్చ రాతి పట్టీల్లో ఉన్నాయో గైటా కూడా అలాంటి పట్టీలోనే ఉంది. రాయిని చూస్తే కొత్త ఊరికి వచ్చినట్టే అనిపించలేదు.

తేడా ఏంటంటే మన దగ్గర మామూలు మనిషికి ఆ రాయి మీద హక్కు లేదు. 1957 నాటి గనుల చట్టం కింద బంగారం పెద్ద ఖనిజం, 2015 నుంచి వేలంలోనే ఇస్తారు, పది హెక్టార్లు తీసుకుని గునపంతో తవ్వుకుంటానంటే ఇచ్చే లైసెన్సే లేదు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గని మూసేసినప్పుడు, అదే ఏడు మన కుప్పం పక్కన చిగురుగుంట, బిసానత్తం కూడా ఆగిపోయినప్పుడు, అక్కడ పనిచేసినవాళ్ళు బెంగళూరు రైలెక్కారు తప్ప సొంతంగా తవ్వుకునే దారి లేకపోయింది. గైటాలో అలా కాదు. 2000లో మొదలైన పెద్ద గని ఒక పక్క కంచె వేసుకుని నడుస్తుంటుంది, మరో పక్క వేల మంది గిలక, తాడు, టార్చిలైటుతో దిగుతుంటారు. ప్రపంచంలో ఏటా తవ్వే కొత్త బంగారంలో దాదాపు ఐదో వంతు ఇలాంటి చిన్న గుంటల నుంచే వస్తుంది, 70కి పైగా దేశాల్లో కోటి నుంచి రెండు కోట్ల మంది చేతుల్లో నడిచే పని ఇది. కొట్టులో మనం కొనే గొలుసులో ఆ వంతు ఎంతో చెప్పే మార్గం లేదు, కరిగాక బంగారానికి ఊరూ పేరూ ఉండవు.

సైటులో మొదటి మూడు రోజులూ మచ్చు తీయటమే. సిర వెడల్పు అంతా అడ్డంగా గాడి కొట్టి, ప్రతి రెండు మీటర్లకీ ఒకటి చొప్పున 22 సంచులు, అవి కాక పైకి తెచ్చి మిల్లుకి పంపబోతున్న బస్తాల నుంచి గుప్పెడు గుప్పెడు. దిగటానికి నిచ్చెన లేదు, గిలక తాడుకి కట్టిన కర్ర మీద కూర్చోవాలి, గోడలకి అడ్డంగా దుంగలు ఆనించారు, కొన్ని దుంగలకి బెరడు కూడా తీయలేదు. నలభై మీటర్ల లోతున నుంచుని పైకి చూస్తే ఆకాశం అణా బిళ్ళంత. పదకొండేళ్ళు భూగర్భంలో ఉన్నవాడిని, నాకూ టెన్షన్ వచ్చింది, చెప్పుకోవటానికి సిగ్గేం లేదు.

మ్వాంజాలో ఒక ల్యాబ్‌లో పరీక్ష చేయించాను. సీసంతో కలిపి కొలిమిలో కరిగించి, తర్వాత సీసాన్ని పీల్చేసే మూసలో మిగిలిన పూసని తూచే పాత పద్ధతి, దాన్ని మించింది ఇంకా రాలేదు. ఎక్కువ వచ్చిన సంచి 41 గ్రాములు. తక్కువ వచ్చింది 0.3. సగానికి పైగా సంచులు మూడు గ్రాముల లోపే. వెడల్పుతో గుణించి తీసిన సగటు టన్నుకి 7 గ్రాములు, బస్తాల మచ్చు కూడా దాదాపు అంతే చెప్పింది. 7 గ్రాములంటే చెడ్డ గుంటేం కాదు, మంచిదే. కానీ 38 కాదు. ఇక పది టన్నులన్నది రోజు కాదు, నాలుగు రోజులు. చేతి గిలకతో పద్నాలుగు మంది లాగితే రెండున్నర టన్నులు, అదీ నీళ్ళు ఊరని రోజున.

ఇక్కడి నుంచే లెక్క అసలు కథలో పడింది. రెండున్నర టన్నులు ఇంటూ 7, పదిహేడున్నర గ్రాములు రాయిలో ఉంది. రాయిలో ఉన్నది చేతికి రాదు. బస్తాల్ని చిన్న బాల్ మిల్లులో (లోపల ఇనప గుండ్లు దొర్లే పీపా) పిండి చేయిస్తారు, వాలుబల్ల మీద తువ్వాలు గుడ్డలు పరిచి నీళ్ళతో కడుగుతారు, గుడ్డల్లో చిక్కిన నల్లటి బరువు ఇసుకలో పాదరసం పోసి చేత్తో పిసుకుతారు, బంగారాన్ని పట్టుకున్న పాదరసం ముద్దని గుడ్డలో పిండి బొగ్గుల మీద కాలుస్తారు. ఇంత చేస్తే దక్కేది మూడో వంతుకి కాస్త పైన, 35 శాతం అనుకోండి, ఆరు గ్రాములు. మెత్తటి బంగారం, రాయిలో ఇంకా ఇరుక్కుని ఉన్న బంగారం, అంతా కడిగిన మట్టితో పోతుంది. పదకొండు గ్రాములకి పైగా.

ఆ మట్టి ఎవరిది? మిల్లు ఓనరుది. బస్తాకి ఇంత అని ఆడింపు కూలి తీసుకుంటాడు, మట్టి కూడా అతనికే వదిలెయ్యాలి, ఆచారం అది. అతను దాన్ని కుప్ప పోసి, తగినంత అయ్యాక సిమెంటు తొట్లలో నింపి, సున్నం, సైనైడు కలిపిన నీళ్ళు పారిస్తాడు. బంగారం నీళ్ళలోకి దిగుతుంది, ఆ నీళ్ళు కొబ్బరి చిప్పల బొగ్గు గుండా పోతుంటే బొగ్గుకి అంటుకుంటుంది (ఆ బొగ్గు చూసి నాకు కోనసీమ గుర్తొచ్చింది, అది వేరే సంగతి). వదిలేసిన మట్టిలో ఎనభై శాతం లాగినా తొమ్మిది గ్రాములు. అంటే ప్రాణాలు తాడుకి కట్టి దిగినవాళ్ళందరికీ కలిపి ఆరు గ్రాములు, నేల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాయనకి తొమ్మిది.

తిరిగొచ్చాక ఈ ముక్క చెప్తే బంగారం కొట్టు ఆయన ఒప్పుకోలేదు. "మట్టిలో ఉందని తెలిసి ఎవడైనా వదిలేస్తాడా అండీ?" అన్నాడు. నేనడిగాను, "గురువుగారూ, మీ ఆచారిగారు పని చేసే గదిలో ఊడ్చిన దుమ్ము ఏం చేస్తారు?" ఒక్క క్షణం ఆగి నవ్వాడు. ఊడ్చిన దుమ్ము, కడిగిన నీళ్ళ అడుగు మడ్డి, పాత చాప, ఆకురాయి పొడి, అన్నీ డబ్బాలో దాచి ఏడాదికోసారి అమ్ముతాడు, కొనేది సాంగ్లీ నుంచి వచ్చి ఇక్కడ కరిగింపు కొట్లు పెట్టుకున్న మరాఠీ వాళ్ళు. అంతకు ముందు జలగడుగువాళ్ళు అని ఉండేవాళ్ళు, కంసాలి వీధుల్లో కాలవ మట్టి కూడా కడిగి బతికేవాళ్ళు. మరి మీరే ఎందుకు తీసుకోరు ఆ బంగారం అంటే, "మాకు ఆ కొలిమి, యాసిడ్లు, ఆ తీరిక ఎక్కడివి?" అన్నాడు. గుంట దగ్గర పద్నాలుగు మందీ సరిగ్గా ఆ మాటే అన్నారు. సైనైడు తొట్టికి లైసెన్సు కావాలి, పెట్టుబడి కావాలి, అన్నిటికీ మించి నెల రోజులు ఆగాలి. ఇవాళ సాయంత్రం పిండి కొనాల్సినవాడు నెల ఆగలేడు.

ఆ ఆరు గ్రాములు కూడా ఎలా పంచుకుంటారో చూడండి. నేను చూసిన గుంటలో లైసెన్సుదారుకి 30, గుంట పెట్టుబడిదారుకి 40, పనివాళ్ళకి 30, అదీ బంగారంగా కాదు, బస్తాల రూపంలో, ఎవరి వాటా వాళ్ళు ఆడించుకుంటారు. మొదట విని ఈ 40 మరీ ఎక్కువ అనుకున్నాను. కానీ సిర తగిలే దాకా మూడు నాలుగు నెలలు ఉత్త రాయి తవ్వుతారు, అన్నాళ్ళూ అందరి తిండి, టార్చి బ్యాటరీలు, దుంగలు, మందుగుండు, జ్వరం వస్తే మాత్రలు, అన్నీ ఆ పెట్టుబడిదారే పెట్టాలి. సిర తగలకపోతే ఎవరూ ఎవరికీ బాకీ లేరు. అతనికి మాత్రం డబ్బు ఎక్కడిది? బంగారం కొనే బ్రోకర్ ఇస్తాడు, మొక్కజొన్న పిండి బస్తాలుగా, డీజిల్‌గా, ఒక్కోసారి పాదరసంగా. తీసుకున్నాక బంగారం ఆ బ్రోకర్‌కే పోయాలి, లండన్ ధర 62 ఉన్న రోజు గుంట దగ్గర అతను కట్టింది 54.

ఇది చెప్తుంటే మిర్చి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మనమే కదయ్యా" అన్నాడు. విత్తనం, పురుగుమందు డబ్బు మేమిస్తాం, కాయ మా కొట్టుకే తెస్తాడు, ధర పెరిగిందని పక్క కొట్టుకి పోలేడు. దీన్ని దోపిడీ అంటావా, ఆసరా అంటావా అని నన్నే అడిగాడు. రెండూ అన్నాను. మేం లేకపోతే బ్యాంకు ఇస్తుందా అన్నాడు. ఇవ్వదు, గుంటకి కూడా ఇవ్వదు. టాంజానియా ప్రభుత్వం 2019లో ఈ ముడి విప్పటానికి ఒక ప్రయత్నం చేసింది, చిన్న గనులవాళ్ళ మీద 18 శాతం వ్యాట్, 5 శాతం ముందస్తు పన్ను ఎత్తేసి, ఖనిజ మార్కెట్లు పెట్టింది, మొదటిది ఆ మార్చిలో గైటాలోనే. యంత్రం మీద స్వచ్ఛత చూసి, తూచి, బోర్డు మీద రాసిన ధరకి కొంటారు, 6 శాతం రాయల్టీ, 1 శాతం తనిఖీ రుసుము అక్కడే పట్టుకుంటారు. మన యార్డు లాంటిదే. దొంగదారిన సరిహద్దు దాటే సరుకు లెక్కల్లోకి రావటం మొదలైందని అక్కడివాళ్ళు చెప్పారు. కానీ అప్పున్నవాడు మార్కెట్ దాకా రాడు, బంగారం గుంట దగ్గరే చేయి మారుతుంది, మార్కెట్‌కి వచ్చేది బ్రోకరు.

ఒక మధ్యాహ్నం పనేం లేక మేనల్లుడూ నేనూ ఆ దిబ్బ మీద మనుషుల్ని లెక్కపెట్టాం. పనిచేస్తున్న గుంటలు పదకొండు, వాటిలో దిగేవాళ్ళు 120 మంది దాకా తేలారు. బయట దాని మీద బతికేవాళ్ళు 200 దాటారు. సుత్తితో రాయి పగలగొట్టే ఆడవాళ్ళు, డబ్బాలతో నీళ్ళు మోసేవాళ్ళు, మిల్లు కుర్రాళ్ళు, మోటారుసైకిల్ టాక్సీలు, ఫోన్ చార్జింగ్ కొట్టు, ఫోన్లో డబ్బు పంపే కొట్టు, దుంగలు కొట్టి తెచ్చేవాళ్ళు, అన్నం కొట్లు. అన్నం వండే ఆడవాళ్ళని అక్కడ మామా న్తిలీయే అంటారు, అమ్మా వడ్డించు అని అర్థం. ఒకావిడ అరువు పుస్తకం చూపించింది, పేర్లకి బదులు గుంట నంబర్లు రాసుకుంది, ఎందుకంటే మనుషులు మారతారు గుంట మారదు. పద్నాలుగు మంది వాటా ఒక్కొక్కరికి చూస్తే పని దొరికిన రోజున ఏడు డాలర్లు, పత్తి చేలో దీనిలో మూడో వంతు కూడా రాదని వాళ్ళే చెప్పారు. పత్తి రైతు మాత్రం కూలీలు దొరకటం లేదని తిడుతున్నాడు. బడిపంతులు ఇంకా ఘోరంగా తిడుతున్నాడు, పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు మిల్లు దగ్గర దుమ్ములో తెల్లగా నిలబడి ఉంటారు. పలుగురాయి పొడి మింగిన ఊపిరితిత్తి ఏమవుతుందో కోలారులో పనిచేసినవాళ్ళ ఇళ్ళలో చూశాను, సిలికోసిస్ మీద అక్కడ 1940ల్లోనే సర్వే జరిగింది. నీళ్ళు చల్లుతూ ఆడిస్తే దుమ్ము లేవదు. నీళ్ళు కొనాలి, అందుకే చల్లరు.

పాదరసం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అది 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బంగారం 1064 దాకా కదలదు, ఆ తేడాయే ఈ పద్ధతికి మూలం. గ్రాము బంగారానికి గ్రాము నుంచి గ్రామున్నర పాదరసం గాల్లోకి పోతుంది, ముక్కులోంచి రక్తంలోకి, మెదడుకి, మూత్రపిండాలకి. చేతుల వణుకు, నిద్ర పట్టకపోవటం, చిరాకు. మనుషుల వల్ల గాల్లో కలిసే పాదరసంలో అతి పెద్ద వాటా, 38 శాతం దాకా, ఈ చిన్న గుంటలదేనని ఐక్యరాజ్యసమితి 2018 నాటి అంచనా. థర్మల్ ప్లాంట్ల కన్నా ఎక్కువ. పాదరసాన్ని అదుపు చేయటానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందంలో ఈ పని మీద విడిగా ఒక అధికరణే ఉంది, 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది, 2018లో మనం చేరాం, తర్వాత టాంజానియా కూడా. అందులో ముందుగా ఆపాలని చెప్పిన వాటిలో ముద్దని బయట కాల్చటం ఒకటి, పాదరసం తగిలిన మట్టిని దాన్ని తీయకుండా సైనైడులో వేయటం ఇంకొకటి. ఈ సైటులో రెండూ నడుస్తున్నాయి. రెండోది మరీ చెడ్డది, సైనైడు బంగారంతోపాటు పాదరసాన్నీ కరిగించి నీళ్ళతో కదిలేలా చేస్తుంది.

నా సంచిలో ఒక చిన్న రిటార్ట్ తీసుకెళ్ళాను. మూత బిగించిన ఇనప గిన్నె, వంపు గొట్టం, చివర నీళ్ళ డబ్బా. అందులో కాలిస్తే పాదరసం ఆవిరై మళ్ళీ చుక్కలుగా నీళ్ళలో పడుతుంది, తిరిగి వాడుకోవచ్చు, ఖర్చూ మిగులుతుంది. అన్నం కొట్టు వెనక పొయ్యి మీద, పిల్లలు తిరిగే చోట, ముద్ద కాలుస్తున్న ఒకతన్ని బతిమాలి చేసి చూపించాను. పాదరసం వెనక్కి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు మళ్ళీ బొగ్గుల మీదే. ఎందుకయ్యా అంటే, గిన్నెలో ఏమవుతోందో కనపడదు. నలుగురిది వాటా, నలుగురి కళ్ళ ముందూ ముద్ద తెల్లగా ఉన్నది పచ్చగా మారాలి, మూత లోపల ఏం అంటుకుని మిగిలిందో ఎవరికి తెలుసు? పైగా రిటార్ట్‌లోంచి వచ్చింది కాస్త నల్లగా ఉంటుంది, బ్రోకర్ దానికి తగ్గిస్తాడు. నేను ఆరోగ్యం గురించి పాఠం చెప్పాను, వాళ్ళు నాకు నమ్మకం గురించి చెప్పారు. గాజు మూత ఉన్నదయితే పని చేసేదేమో, ఇనపది పట్టుకెళ్ళటం నా పొరపాటు.

రిపోర్టులో డబ్బు లెక్క అర పేజీ. పెట్టుబడిదారు వాటా 40 శాతం అంటే రోజుకి రెండు గ్రాముల నాలుగొందల మిల్లీలు, గుంట ధర 54కి, 130 డాలర్లు, పదివేల ఆరేడొందల రూపాయలు. నెలకి ఇరవై రోజులు పని జరిగితే రెండు లక్షల పైన, అందులో డీజిల్, దుంగలు, మందుగుండు, తిండి లక్షన్నర. మిగిలేది అరవై వేలు. కంప్రెసర్ పెడితే టన్నులు రెట్టింపు అవుతాయనుకున్నా డీజిల్ కూడా అవుతుంది, లోతుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు పెరుగుతాయి. కోటీ పాతిక లక్షలు గుంటూరులో నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పితే నెలకి రెండున్నర లక్షలు ఇంట్లో కూర్చున్నా వస్తాయి. ఈ పోలిక రాయకూడదేమో, కానీ రాశాను, ఇద్దరూ రిపోర్టులో గట్టిగా చదివింది ఆ లైనొక్కటే.

కొట్టు ఆయన వెంటనే, అయితే గుంట వద్దు, మట్టి కొందాం అన్నాడు. తెలివైన మాటే, లాభం అక్కడే ఉందని నేనే చెప్పాను కదా. కానీ పాదరసం మట్టి కొని సైనైడు తొట్టిలో పోసే ప్లాంటుకి నేను సంతకం పెట్టను అన్నాను. శుభ్రంగా చేసే దారి ఒకటుంది: మట్టి కాదు, రాయినే కొనటం. బస్తాలు తూచి, మచ్చు తీసి, పరీక్ష చేసి, టన్నులో ఉన్న బంగారానికి డబ్బు కట్టి, పాదరసం లేకుండా మీ ప్లాంటులో తొంభై శాతం దాకా తీసుకోవటం. దిగినవాడికి ఆరు గ్రాముల బదులు తొమ్మిది గ్రాముల డబ్బు ఇచ్చినా మీకు మిగులుతుంది. పెరూలో ఇలా రాయి కొనే ప్లాంట్లు చాలా ఉన్నాయి. అది కోటిలో అయ్యేది కాదు, మట్టికి కట్ట కట్టాలి, లైనింగ్ వేయాలి, లైసెన్సులు వేరు.

దానికి మిర్చి ఆయన అన్న మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. "కాటా మనది, పరీక్ష మనది, ధర మనది. రైతు ఎందుకు నమ్ముతాడు?"

డబ్బు పెట్టలేదు. నా ఫీజు మాత్రం మర్నాడే ఇచ్చారు, అది నాకు క్వారీల వాళ్ళ దగ్గర ఎప్పుడూ జరగలేదు. నవంబరులో మేనల్లుడు ఫోటోలు పంపాడు, వానలకి గుంట నిండిపోయింది, పైన రెండు వరసల దుంగలు జారాయి, ఆ రోజు ఆదివారం కాబట్టి లోపల ఎవరూ లేరు. పద్నాలుగు మందీ ఆరు కిలోమీటర్ల అవతల ఇంకో గుట్టకి వెళ్ళిపోయారు, అన్నం కొట్టు ఆవిడ కూడా గిన్నెలు మోటారుసైకిల్‌కి కట్టించుకుని వాళ్ళ వెనకే వెళ్ళింది, పాత గుంట నంబరు మీద బాకీ ఎలా వసూలు చేసిందో తెలీదు. మిల్లు ఓనరు మాత్రం కుప్పలు కుప్పలుగా మట్టితో అక్కడే ఉన్నాడు, ఇంకో రెండు తొట్లు కట్టించాడు.

ల్యాబ్‌కి పంపగా మిగిలిన రాయి సంచి ఒకటి, నాలుగు కిలోలుంటుంది, మా ఆఫీసు తలుపుకి అడ్డం పెట్టుకున్నాం, గవర్నర్‌పేట గాలికి ఊరికే కొట్టుకుంటుంటే. ఏడు గ్రాముల లెక్కన అందులో ఎంతుందో మా అసిస్టెంటు ఫోన్లో గుణించి చూశాడు. అప్పటి ధరకి రెండు వందల రూపాయలు కూడా రావని చెప్పి మళ్ళీ తలుపు దగ్గరే పెట్టాడు.